తుమ్మెదకు తావు లేని పెరళ్లు

ఆనపపాదు పందిరి నిండ పూచినది; పిందెలును కనబడినవి; నాలుగు దినములు గడువకముందే పసుపువన్నెకు తిరిగి రాలిపోయినవి. గుమ్మడి గోలీకాయంతయై ఆగిపోయినది. వంగమొక్క ఏపుగా నున్నది గాని కాపు లేదు. విజయవాడ పరిసరములలో పెరడుగల యిండ్లవారినోట తరచుగా వినబడు మాటలివి. ప్రకాశం బరాజునకు ఎగువను, కృష్ణకు ఎడమగట్టున నున్న ఇబ్రహీంపట్నములోనైనను మాట యిదియే. ఇట్టివేళ ఎరువుల దుకాణమునకు పోయి అడిగినచో ఏదో యొక మందుసీసా చేతికి వచ్చును. మిద్దెతోటలు పెంచువారి నడిగినచో, తెల్లవారుజామున లేచి మగపూవును త్రుంచి దాని పుప్పొడిని ఆడపూవునకు అద్దుమని చెప్పుదురు. మొదటి సలహా చాల సందర్భములలో చెరుపు చేయును. రెండవది ఫలించును. అది ఫలించుటలోనే ఆలోచింపవలసిన విషయము గలదు. మనిషి చేతితో అద్దినంతనే కాయ నిలిచినదనగా, విత్తనము మంచిదే, నేల మంచిదే, నీరు చాలినదే. పుప్పొడిని తెచ్చి యీయవలసిన ప్రాణి మాత్రము ఆ పూటకు రాలేదన్నమాట.

ముందుగా ఒక చిన్న అపోహను తొలగించుకొనుట మంచిది. ఆనప, గుమ్మడి, బీర, పొట్ల, కాకర మొదలగు పాదులలో ఆడపూవులు వేరు, మగపూవులు వేరు. ఆడపూవు మొగ్గగా నున్నప్పుడే దాని క్రింద చిన్నకాయవంటి అండాశయ ముండును. దానినే మనము పిందె యనుచున్నాము. నిజమునకు అది ఇంకను కాయ కాలేదు. పుప్పొడి అందినచో పెరుగును. అందనిచో వాడి రాలును. కాబట్టి పిందె రాలినదను మాటకు చాలమారులు పెండ్లి జరుగలేదని అర్థము.

ఆ పెండ్లికి ముహూర్తము చాల స్వల్పము. గుమ్మడి తెల్లవారుజామున విచ్చి, ఎండ ముదురుసరికి ముడుచుకొనును. కాకరయు ఉదయముననే విచ్చును. ఆనప, పొట్ల సాయంసంధ్యవేళ తెల్లగా విచ్చి రాత్రియంతయు ఎదురుచూచును. బీరపూవు ప్రొద్దు వాలుచుండగా విచ్చును. ఒక్కొక్క ఆడపూవునకు దొరకునది ఇంచుమించుగా ఒక పూట మాత్రమే. ఆ పూటలో అరకొరగా పుప్పొడి అందినచో కాయ నిలిచినను ఒకవైపు ఉబ్బి మరొకవైపు సన్నగిల్లి వంకరపోవును. కోసి చూచినచో సన్నగిల్లిన వైపున గింజ సరిగా పట్టి యుండదు. దొండ మాత్రము ఈ చిక్కునకు లోబడదు. మన పెరళ్లలో తీగముక్క నాటి పెంచునది ఆడుతీగ. పుప్పొడి అందకున్నను అది కాయును. అందుచేతనే ఆనప రాలుచున్న పెరటిలోనే దొండ విరగకాయుట చూచి గృహిణులు ఆశ్చర్యపడుదురు. వారి ప్రశ్నకు సగము సమాధానము ఆ దొండతీగయే చెప్పుచున్నది.

అయినను రాలిన ప్రతి పూవునకును పురుగులు రాకపోవుటయే కారణమనరాదు. మగపూవు పని తీరగనే రాలుట ప్రకృతి. వేసవి తాపమున పాదులు మగపూవులనే అధికముగా పూయును. మే మాసమున పందిరి క్రింద రాలిన పూవులను చూచి దుఃఖించువారు ముందుగా అవి యేవో పరిశీలింపవలెను. వంగలోను కొన్ని పూవులకు కీలము పొడవుగాను, కొన్నింటికి పొట్టిగాను ఉండును. పొట్టివి సాధారణముగా కాయకట్టవు. నిజముగా పురుగుల కొరత యున్నదో లేదో తేల్చుటకు బడితోటకు మించిన ప్రయోగశాల అక్కరలేదు. రేపు ఉదయము విచ్చబోవు గుమ్మడి ఆడమొగ్గలను మూడు భాగములు చేయవలెను. కొన్నింటిని పలుచని గుడ్డసంచితో మూయవలెను. కొన్నింటిని ఊరక వదలవలెను. తక్కినవానికి ఉదయముననే మగపూవును అద్దవలెను. మూసినవి రాలును. అద్దినవి నిలిచి, వదలినవి రాలినచో కొరత నిజము. అద్దినవియు రాలినచో దోషమును నీటిలోనో, ఎరువులోనో, ఎండలోనో వెదకవలెను. ఒక పూవుతో తీర్పు చెప్పరాదు. పదేసి పూవులతో, ఒకటికి మించిన పాదులమీద చూడవలెను. వృక్షశాస్త్రపు పాఠములో పరాగసంపర్కమను మాటను బట్టీపట్టు పిల్లవానికి ఇంతకంటె స్పష్టముగా దానిని చూపు మార్గము నాకు తోచదు.

ఈ కొరత మన యూరిది మాత్రమే కాదు. జీవవైవిధ్యమును గూర్చి అనేక దేశముల ప్రభుత్వములు కలిసి ఏర్పరచుకొన్న శాస్త్రవేదిక 2016లో ఒక నివేదికను వెలువరించినది. ప్రపంచమందలి ముఖ్యమైన ఆహారపు పంటలలో నూటికి 75కు పైగా ఏదో యొక మేరకు జంతువుల ద్వారా జరుగు పరాగసంపర్కముపై ఆధారపడినవని అది తేల్చెను. 2017లో జర్మనీనుండి వెలువడిన పరిశోధన మరింత కలవరము కలిగించినది. అచటి రక్షితప్రదేశములలో 27 సంవత్సరముల కాలమున ఎగురు పురుగుల మొత్తపు తూకము నూటికి 75 పాళ్లకు పైగా తగ్గెనట. గమనింపదగిన విశేషమేమనగా, అన్ని సంవత్సరములు ఓపికతో పురుగులను పట్టి తూచినది క్రేఫెల్డు పట్టణపు కీటకాభిమానుల సంఘము. అందు చాలమంది దీనిని జీవనవృత్తిగా గలవారు కారు. మన ఖండమున అట్టి పూర్వపు లెక్కలు లేవు. అందుచేతనే 2016 నాటి నివేదిక ఐరోపా, ఉత్తర అమెరికా విషయమున గట్టిగా మాటాడి, ఆసియా, ఆఫ్రికాలను గూర్చి సాధారణ నిర్ణయమునకు తగిన సమాచారము లేదని చెప్పినది. తేనెటీగలు నశించినచో మానవునకు నాలుగేండ్లే ఆయువని ఐన్‌స్టీన్ మహాశయుడు చెప్పెనని పాఠశాలల సభలలో తరచుగా చెప్పుదురు. ఆయన అట్లనినట్లు ఆధారమేదియు లేదు. ఉన్న నిజమే చాలినంత బరువైనది. దానికి పెద్దల పేరు తగిలింపనక్కరలేదు.

తేనెటీగ యనగనే మన ఊహ తేనెపట్టు దగ్గర ఆగిపోవును. ప్రపంచమున ఈగల జాతులు 20,000కు పైగా నున్నవి. వానిలో పట్టు పెట్టి తేనె కూర్చునవి బహుకొద్ది. అధికభాగము ఒంటరిజీవులు. ఒక్కొక్క ఆడుఈగ తానే గూడు చేసికొని, తానే పుప్పొడిని ముద్దచేసి, దానిపై గ్రుడ్డు పెట్టి, గది మూసి పోవును. వీనిలో పెక్కు నేలలో బొరియ చేయును. కొన్ని మట్టిగోడలో దూరును. కొన్ని ఎండుకఱ్ఱలో, వెదురుబొంగులో కాపురముండును. గులాబి ఆకును గుండ్రముగా కత్తిరించి కొనిపోవు ఈగ యొకటి గలదు. ఆ కత్తిరింపును చూచి తెగులనుకొని మందు చల్లువా రున్నారు. అది తన పిల్లకు పొత్తిగుడ్డ తీసికొని పోయినదే గాని మొక్కకు రోగము తెచ్చినది కాదు.

వీరందరిలో మన పెరటికి పెద్దదిక్కు తుమ్మెద. నల్లని దేహముతో, పెద్దరొదతో వచ్చు ఈ యీగను మన కవులు ఎంతగా కీర్తించినారో చెప్పనక్కరలేదు. భాగవతమున గోపికలు తమ గోడు చెప్పుకొన్నది భ్రమరముతోనే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో నాటి పాటలను పేర్కొనునపుడు తుమ్మెదపదములను మరువలేదు. ఇంతగా పాడినవారము అది చేయు పనిని మాత్రము గమనింపలేదేమో! వంగపూవులోని పరాగకోశములు విచ్చుకొనవు. కొనయందు సన్నని రంధ్రము మాత్రముండును. ఉప్పుబుడ్డినుండి ఉప్పు రాలవలెనన్న ఊపవలెను గదా. తుమ్మెద ఆ కోశములను పట్టుకొని, రెక్కలాడింపకయే రొమ్ముకండరములను అదరజేయును. ఆ అదరునకు పుప్పొడి చిమ్ముకొని వచ్చును. గాలికి కొంత రాలునుగాని, ఇట్లు అదిలించినప్పుడు కాపు మెరుగగును. తేనెటీగకు ఈ విద్య రాదు. నీలపుచారల పొట్టతో మెరుపువలె తిరుగు మరొక ఒంటరియీగకు వచ్చును. దాని గూడు నేలలోనో మట్టిగోడలోనో ఉండును. ఇక ములగ విషయము. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య సి. సుబ్బారెడ్డిగారును వారి సహచరులును 1990లో ప్రకటించిన పరిశోధనలో ములగపూవునకు ముఖ్యమైన పరాగవాహకము తుమ్మెదయే యని తేల్చిరి. వంకాయ, ములక్కాడ రెండును లేని కృష్ణాజిల్లా భోజనమును ఊహించుట కష్టము.

ఇట్టి తుమ్మెద ఎచట నివసించును? ఈ ప్రశ్నను ఎవరును వేయుట లేదు. పురుగులు తగ్గినవనగానే మందులను తిట్టుదురు. ఇబ్రహీంపట్నములోనైతే థర్మల్ విద్యుత్కేంద్రపు బూడిదను తిట్టుదురు. బూడిద బాధ లేదని నేననను. ఆకుమీదను, ఊపిరిలోను దాని బాధ ఉన్నది. కాని బొగ్గు పొయ్యి కనుచూపుమేరలో లేని పట్టణములందును ఇదే పిందె రాలుచున్నది గనుక మూలకారణమును అచటనే వెదకిన చాలదు. తుమ్మెదకు పూవెంత ముఖ్యమో, ఎండుకఱ్ఱ అంత ముఖ్యము. తాటాకింటి వెదురువాసములు, పెంకుటింటి చూరుకఱ్ఱలు, పెరటిదడి, పశువులపాక గుంజలు, పాదుకు వేసిన పందిరిబొంగులు, ఇవే దాని ఊరు. ఆ బొంగులో వ్రేలు పట్టునంత రంధ్రము తొలిచి, లోపల గదులు కట్టి, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క గ్రుడ్డు పెట్టును. ఒక గూటి పిల్లలను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. దోమవలె వేలకొలది కనునది కాదు గనుక, ఒకమారు తొలగిన తుమ్మెద తిరిగి నిలద్రొక్కుకొనుటకు ఏండ్లు పట్టును.

ఇప్పుడు ఇబ్రహీంపట్నమును చూడుడు. 1979లో థర్మల్ కేంద్రపు తొలి యూనిట్ పనిచేయ నారంభించినది. కొండపల్లివైపు పారిశ్రామికవాడ పెరిగినది. హైదరాబాదు పోవు 65వ జాతీయ రహదారి, ఉత్తరదిశగా సాగు 30వ జాతీయ రహదారి ఇచట కలిసికొనును. 2014 తరువాత ఏటి ఆవలియొడ్డున అమరావతి నిర్మాణము తలపెట్టుటతో ఈవలియొడ్డు భూమికిని గిరాకి వచ్చెను. గ్రామము నేడు కొండపల్లి పురపాలకసంఘములో చేరి, ఎన్.టి.ఆర్. జిల్లాలోని పట్టణమైనది. తాటాకిల్లు పోయి స్లాబు వచ్చుట మంచిదే. అగ్నిభయము తప్పినది, గాలివానకు కుటుంబము నిశ్చింతగా నిద్రించుచున్నది. దానిని వద్దనుటకు మనకు అధికారము లేదు. కాని స్లాబుతోపాటు దడి పోయి ప్రహరీగోడ వచ్చినది. పందిరికి బొంగులు పోయి ఇనుపగొట్టములు, ప్లాస్టిక్ వల వచ్చినవి. వాకిలికిని పెరటికిని సిమెంటు పరచినారు. ఖాళీస్థలములోని జిల్లేడును యంత్రముతో పెకలించినారు. జిల్లేడుపూవు తుమ్మెదకు ఏడాదిపొడవున అన్నసత్రమువంటిది. ఇవి యేవియు పురుగును చంపవలెనని చేసినవి కావు. అయినను నాలుగడుగుల కుండీలో వంగమొక్క పెట్టి, చుట్టును సిమెంటు పరచి, తుమ్మెదకై ఎదురుచూచుట, ఊరిలో ఇండ్లన్ని పడగొట్టి కూలివారు దొరకుటలేదని వగచుటవంటిది.

మందుల పాత్ర చిన్నది కాదు. మైలవరము, నూజివీడు ప్రాంతములలో మామిడి పూతపట్టు కాలమున తేనెమంచు పురుగుపై మందు కొట్టుదురు. మామిడికి పరాగసంపర్కము చేయునవి ముఖ్యముగా ఈగజాతి పురుగులు. పూతమీద పడిన మందు వానికిని పడును. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు మొక్కరసములో కలిసి పుప్పొడిలోనికిని మకరందములోనికిని చేరును. ఈ వర్గపు మూడు మందులను ఆరుబయట పొలములలో వాడరాదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించినది. మన దేశమున ఇమిడాక్లోప్రిడ్ వాడుక నేటికిని కలదు. పెద్దతోటల సంగతి ప్రభుత్వము తేల్చవలసినది. పెరటిలో మాత్రము గుమ్మడి విచ్చియున్న ఉదయవేళ పేనుబంకకై మందు చల్లుట మన చేతిలోని పనియే. కరివేపాకుమీద పక్షిరెట్టవలె కనబడు గొంగళిని నలిపివేయుట కూడ అట్టిదే. అది మరి కొన్ని దినములకు సీతాకోకచిలుక కావలసినది.

రాత్రిపూట సంగతి మరియు విచిత్రము. ఆనపయు పొట్లయు తెల్లనిపూవులు పూచునది వెన్నెల వెలుగులో తిరుగు చిమ్మటలకొరకు. రహదారి కూడలి దీపములు, కర్మాగారముల దీపములు, ఇంటింటి గేటుమీది ఎల్.ఇ.డి. దీపములు కలిసి ఇబ్రహీంపట్నమున చీకటి అనునది కరవైనది. స్విట్జర్లాండులో జరిగిన ప్రయోగమొకటి 2017లో ప్రకటింపబడెను. దీపములు పెట్టిన పచ్చికబయళ్లలో రాత్రి పురుగులు పూవులపై వ్రాలుట నూటికి 62 పాళ్లు తగ్గెను; వారు పరిశీలించిన యొక మొక్కలో, పగటి పురుగులు వచ్చినను, కాయకట్టు నూటికి 13 పాళ్లు పడిపోయెను. పెరటిదీపము తెల్లవార్లు వెలుగుచుండగా ఆనప కాయలేదని విత్తనములవానిని నిందించుట న్యాయము కాదు.

నేలలో గూడుచేయు ఈగలకు నీటిగండమును తోడైనది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరునకు గండ్లుపడి విజయవాడలోని సింగునగరు మొదలగు ప్రాంతములు దినములతరబడి నీటిలో నుండెను. మనుషుల కష్టము ముందు పురుగుల మాట ఎత్తుట ఆనాడు తగదు. కాని అన్ని దినములు నీరు నిలిచిన నేలలోని బొరియలు ఏమగునో ఊహించుటకు శాస్త్రజ్ఞానము అక్కరలేదు. ముంపు తరువాత దోమలకై పొగమందు కొట్టక తప్పదు. సాయంకాలపు పొగ సాయంకాలపు పూవు దగ్గరకును పోవును.

ఇన్ని విధముల నష్టమునకు మనము సూచించుకొన్న ఉపాయములు రెండు. మొదటిది తేనెటీగల పెట్టె. కేంద్రప్రభుత్వము 2020లో తేనెటీగల పెంపకమునకై 500 కోట్ల రూపాయలతో జాతీయ పథకము ప్రకటించినది. రైతునకు తేనెవలన ఆదాయము వచ్చుట మంచిదే. కాని పెట్టెలలో విరివిగా పెంచునది ఐరోపా తేనెటీగ. అది 1962 ప్రాంతమున ఉత్తరాన కాంగ్రాలోయలో మన దేశమున నిలద్రొక్కుకొన్న అతిథి. అది వంగపూవును అదిలింపలేదు, రాత్రి ఆనపపూవును దర్శింపదు. పైగా ఒక్క జాతిపై ఆధారపడుట ఎంత ప్రమాదమో దక్షిణదేశము చూచియే యున్నది. 1990 దశకపు ఆరంభమున ఒక వైరస్ వ్యాధి వ్యాపించి దేశవాళీ తేనెటీగల పెట్టెలను నూటికి తొంబదికి పైగా తుడిచివేసినది.

రెండవ ఉపాయము మనిషిచేయి. చైనాలోని సిచువాన్ రాష్ట్రమున బేరితోటలలో మనుషులు చెట్లెక్కి కుంచెలతో పుప్పొడి అద్దుట లోకప్రసిద్ధము. ధనమిచ్చు తోటలో అది చెల్లును. మన పెరటిలో ఆ కూలి ఎవరిది? తెల్లవారుజామున లేచి పాలు, నీళ్లు, బడిపిల్లల అన్నములతో సతమతమగు ఇల్లాలిది. సంతలో కూరగాయల వెల పెరిగిననాడు నాలుగు ఆనపకాయలతో వారము గడపు సంసారములకు పెరటిపాదు విలాసము కాదు. పూర్వము తుమ్మెదలు, చిమ్మటలు ఉచితముగా చేసిపెట్టిన పని ఈనాడు ఆమె పనులలో మరొకటియై చేరినది. ఏ లెక్కలోను అది కనబడదు. చేతితో అద్దిన కాయ బుట్టలోనికి వచ్చినంతకాలము పురుగులు తగ్గినవను మాటయే ఎవరికిని తోపదు. ఈ ఉపాయములో నాకు కనబడు అసలు దోషమిది.

2019లో కేంద్ర విద్యాశాఖ మధ్యాహ్నభోజన పథకములో భాగముగా బడులలో పోషకాహారపు తోటలు వేయవలెనని మార్గదర్శకములు పంపినది. తోట వేయు బడిలో మూల యొకచోట నాలుగడుగుల నేలను సిమెంటు వేయక, త్రవ్వక, ఎండ తగులునట్లు వదలవచ్చును. పందిరికి ఇనుపగొట్టము బదులు వెదురు వాడవచ్చును. పాతబొంగును వంటచెరకునకు వేయకముందు రంధ్రమున్నదేమో చూడవచ్చును. కణుపు ఒకవైపు మూసియుండునట్లు జేనెడు వెదురుముక్కలు కోసి, కట్టగట్టి, వాన పడని చూరుక్రింద అడ్డముగా వ్రేలాడదీసినచో ఒంటరియీగలు వచ్చి చేరును. చేరినట్లు గుర్తు, ముక్క మూతికి మట్టియో ఆకుముక్కయో అడ్డుపెట్టి యుండుట. గుమ్మడి విచ్చిన ఉదయమున పావుగంటసేపు ఒక పిల్లవాడు పూవుదగ్గర కూర్చుండి ఏ పురుగు ఎన్నిమారులు వచ్చినదో పలకమీద గీతలు గీయవచ్చును. కార్తికమున ఒకమారు, మాఘమున ఒకమారు, ప్రతిసంవత్సరము అదే మూల, అదే వేళ. జర్మనీలోని ఆ సంఘమువారు చేసినదానికి మూలసూత్రము ఇంతే. ఇబ్రహీంపట్నములో ఆరవతరగతి పిల్లలు ఈ యేడు గీసిన గీతలు, వారు పదవతరగతికి వచ్చునప్పటికి ఐదేండ్ల లెక్క యగును.